ఆరో ఇంటి వంతు

ఆ ఎండాకాలం మా వరుసలో ఎవరు ఎవర్ని మోసం చేశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నా సంగతి చెప్పాలంటే నా మాట మీద నేనే నిలబడలేను. పొద్దున నీళ్ళు పడుతున్నప్పుడు ఒకలా అనిపిస్తుంది, కుట్టుమిషను ముందు కూర్చున్నాక ఇంకోలా అనిపిస్తుంది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. న్యాయం తేల్చుకునే పని మీది.

మాది ఆరు గదుల వరుస. అందరికీ కలిపి ఒకటే రేకుల కప్పు, ఒకటే కుళాయి. మొదటి గది మాది. నేను బట్టలు కుడతాను, మా ఆయన మార్కెట్టు గోదాముల్లో మూటలు మోస్తాడు. రెండో గదిలో ట్యూషన్ మాస్టారు. ఆయనకు భార్య లేదు, పేపరుంది. పొద్దున్నే అది చదివి సాయంత్రం దాకా దాంతోనే కాపురం చేస్తాడు. మూడో గదిలో మిషనక్క. బట్టలుతికే మిషను కొన్న రోజున వరుసంతా వెళ్ళి అది తిరగడం చూసి వచ్చాం, అప్పట్నుంచి ఆవిడకు ఆ పేరు పడిపోయింది. నాలుగో గదిలో వెల్డింగ్ తమ్ముడు. ఐదో గదిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ చెప్పుల ఫ్యాక్టరీకి పోతారు, ఎప్పుడు చూసినా తలుపుకు తాళమే, కాబట్టి వాళ్ళు తాళమింటివాళ్ళు. చివరి గదిలో బొత్తాలవ్వ.

అవ్వకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. మోకాళ్ళు పనిచేయవు, కళ్ళు సగం పనిచేస్తాయి. వేళ్ళకు మాత్రం ఇంకా ముసలితనం రాలేదు. నేను కుట్టిన చొక్కాలకు కాజాలు తీసి బొత్తాలు కుట్టేది ఆవిడే. బొత్తాన్ని చెంపకు ఆనించి అది ప్లాస్టిక్కో, ముత్యపు చిప్పో, కొయ్యో చెప్పేస్తుంది. నేనిచ్చే కూలి ఆవిడ టీకి సరిపోతుంది. తిండి, గది అద్దె, మోకాళ్ళ మాత్రలు అన్నీ ముసలివాళ్ళ పింఛను మీదే. ఆవిడ నడవలేదు కనుక వేలిముద్ర వేసిన కాగితం పట్టుకుని ప్రతి ఒకటో తారీకున కౌంటరు దగ్గర ఆ పింఛను తెచ్చేది నేనే.

సర్వే వస్తోందన్న కబురు మాస్టారు తెచ్చారు. కుళాయి దగ్గర అందరం బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నాం.

"ఈసారి ఇంటింటికీ మార్కులు వేస్తారట. ఫ్రిజ్జుంటే ఎనిమిది, మోటారు పెట్టిన కుట్టుమిషనుంటే పది, టీవీకి తొమ్మిది, బట్టల మిషనుకు పద్నాలుగు. మొత్తం పదిహేను దాటితే పేదల కార్డు రాదు."

"ఎక్కువ మార్కులొస్తే ఫెయిలా?" అన్నాడు వెల్డింగ్ తమ్ముడు. "ఈ పరీక్ష నా చిన్నప్పుడు పెట్టి ఉంటే క్లాసులో ఫస్టొచ్చేవాణ్ణి మాస్టారూ."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఆయనకు పొత్తికడుపు కింద పేగు జారి నిమ్మకాయంత ఉబ్బు వచ్చి అప్పటికి రెండు నెలలు. హెర్నియా అన్నాడు డాక్టరు. మూట ఎత్తితే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందన్నాడు. మూట ఎత్తకపోతే ఇల్లు గడవదు. కార్డుంటే పెద్దాసుపత్రిలో ఆపరేషను ఊరికే చేస్తారు. లేకపోతే ఇంట్లో చెంచాతో సహా అమ్మినా చాలదు. ఆ ఇంట్లో పాత సామాన్ల కొట్లో కొన్న ఒక ఫ్రిజ్జు, నా కుట్టుమిషను ఉన్నాయి. ఎనిమిదీ పదీ పద్ధెనిమిది. మూడు మార్కులు ఎక్కువై మా ఆయన చచ్చిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

"అంత పట్టిపట్టి చూడక ఏం చేస్తారు, పన్నులు కట్టేవాళ్ళ డబ్బది," అంది మిషనక్క. "మనం కట్టేది లేదు, పెట్టేది లేదు. ఇస్తే పుచ్చుకోవాలి, ఇవ్వకపోతే నోరు మూసుకోవాలి."

మాస్టారికి అలాంటి మాట దొరికితే పండగే. నేను దారం రీళ్ళు తెచ్చిన సంచిలోంచి బిల్లు లాగి ఆవిడ ముందు పెట్టారు. "ఇదిగో, ఈ అడుగు వరుస చదువు. దారం మీద పన్ను. నీ మిషన్లో పోసే సబ్బుపొడి మీద పన్ను. బంగళాలో ఉండే ఆయన కొన్నా అంతే, నువ్వు కొన్నా అంతే. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టు, లేనమ్మ ఉన్నమ్మకే పెట్టు అని ఊరికే అన్నారా."

"నా టీపొడి మీద కూడానా నాయనా?" అని చివరి గుమ్మంలోంచి అవ్వ అడిగింది.

"టీపొడి మీదా, నీ మోకాలి మాత్రల మీదా."

అవ్వ సూదిలో దారం ఎక్కించుకుంది. "అయితే నా పింఛన్లోకి నేను కూడా వేస్తున్నానన్నమాట. నా చెయ్యే నా నోట్లో పెడుతోంది. దానికి మధ్యలో ఆ కౌంటరెందుకు, అంత దూరం ఈ పిల్ల తిరగడమెందుకు?"

ఈసారి నేను కూడా నవ్వాను. మాస్టారు మాత్రం పేపరు మడత విప్పి మళ్ళీ మడిచారు.

సామాన్లు దాచే ఆలోచన నాదేనని మిషనక్క అంటుంది. ఆవిడదని నేనంటాను. ఒక్కటి మాత్రం నేను ఒప్పుకుని తీరాలి. ఇదివరకే పింఛను వస్తున్నవాళ్ళ ఇళ్ళ జోలికి సర్వేవాళ్ళు రారన్న మాట వరుసలోకి మోసుకొచ్చింది నేనే. నాకెవరు చెప్పారంటే కౌంటరు దగ్గర నా వెనక నిలబడ్డ ఒకావిడ. ఆవిడకెవరు చెప్పారో నేనడగలేదు. నాకు కావలసిన మాట అది, దొరికింది, నమ్మేశాను.

ఒక మధ్యాహ్నం ఎండకు వీధిలో పిట్ట కూడా లేనప్పుడు మొదలుపెట్టాం. మా ఫ్రిజ్జును వెల్డింగ్ తమ్ముడు ఒక పక్క, మాస్టారు ఒక పక్క పట్టుకున్నారు. మా ఆయన గుమ్మంలో మంచం మీద కూర్చుని, "మోకాలు వంచి ఎత్తండయ్యా, నడుం వంచి కాదు. నేనైతే ఒక్కణ్ణే ఎత్తి పడేసేవాణ్ణి," అని సలహాలిస్తున్నాడు. మాస్టారు ఆయాసపడుతూ, "నువ్వలా ఒక్కడివే ఎత్తబట్టే కదా ఇప్పుడు మేం ఎత్తుతున్నాం," అన్నారు. ఫ్రిజ్జు తరవాత నా కుట్టుమిషను, ఆ తరవాత మిషనక్క మిషను, చివర వెల్డింగ్ తమ్ముడి టీవీ, వాడి పాత బండి మార్కులకు అది తోడైతే పదిహేను దాటుతుందట. తాళమింటివాళ్ళకు దాచేటందుకు ఏమీ లేదు.

అన్నీ చేరేసరికి అవ్వ గదిలో చాప పరిచే చోటు లేకుండా పోయింది.

"నీకు పడకెక్కడవ్వా?" అన్నాను.

"నేనెంత ఉంటానని. మడిచిపెడితే నీ బట్టల సంచిలో పడతాను," అంది. మళ్ళీ వెంటనే, "ఆ ఫ్రిజ్జును ఊరికే నిలబెట్టకండమ్మా, తిరగనివ్వండి. వాడకపోతే పాడవుతుందట," అంది.

ప్లగ్గు పెట్టాం. ఆవిడ తన స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి లోపల పెట్టించింది. గంటకోసారి తలుపు తీయించి గ్లాసును చెంపకు ఆనించి చూసుకుంది. సాయంత్రం తాగి, "పళ్ళు లేవు కనక బతికాను, ఉంటే జివ్వుమని ఊడేవి," అంది. ఆవిడ అంత తీరిగ్గా నీళ్ళు తాగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తరవాత వారం రోజులు వరుసంతా ఆ గదిలోనే బతికింది. పొద్దున నేను అక్కడే కూర్చుని కుట్టేదాన్ని. మధ్యాహ్నం మిషనక్క అక్కడే బట్టలు తిప్పేది. సాయంత్రం అందరం గుమ్మం దాకా నిండిపోయి టీవీ చూసేవాళ్ళం. అవ్వ అందరికీ మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "చల్లటి నీళ్ళు కావాలా?" అని పేరుపేరునా అడిగేది. రోజూ పొద్దున్నే తడిబట్టతో ఫ్రిజ్జు తలుపు తుడుచుకునేది. ఆ వారం ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు గుండెలో కలుక్కుమంటుంది, ఎందుకంటే అప్పుడు నేను అనుకున్నది ఒక్కటే, ముసలిదానికి మా వల్ల మంచి కాలక్షేపం దొరికిందని.

సర్వే మనిషి మొదటి గది నుంచి వస్తాడనుకున్నాం. ఆయన నీడ చూసుకుని చివరి గది నుంచి మొదలుపెట్టాడు. మెడలో పట్టీ, చేతిలో ఫోను. నేను కుళాయి కింద బకెట్టు పెట్టి నిలబడి ఉన్నాను. అవ్వ గుమ్మం అక్కడికి పది అడుగులు కూడా ఉండదు.

"మీకు పింఛను వస్తోంది కదమ్మా. ఈసారి పాతవాళ్ళను కూడా చూడమన్నారు," అంటూ ఆయన చెప్పులు విప్పి లోపలికి చూశాడు. ఫోను పైకెత్తి ఒక ఫొటో తీశాడు. జరిగి ఇంకొకటి తీశాడు.

"ఇవన్నీ మీవేనా?"

అవ్వ ఆయన భుజం పక్క నుంచి బయటికి చూసింది. ఆ సగం చూపుకు నేను ఆనానో లేదో నాకు తెలియదు. అది మాదండీ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మా గుమ్మంలో మా ఆయన ఉబ్బు మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు. బకెట్టు నిండి నీళ్ళు నా పాదాల మీద పడుతున్నాయి.

"నా ఇంట్లో ఉన్నవి నావి కాక ఎవరివవుతాయి నాయనా," అంది అవ్వ. "ఎండన పడి వచ్చావు. కూర్చుని చల్లటి నీళ్ళు తాగిపో."

ఆయన తాగాడు. నేను కుళాయి కట్టేసి, బకెట్టు తీసుకుని ఇంట్లోకి వచ్చాను.

అవ్వ అలా ఎందుకంది? మాకు మాటిచ్చింది కనుక అందా? లేక ఎనభై ఏళ్ళకు ఒక్కసారి, ఇవన్నీ నావి అని ఎవరో ఒకరి ముందు అనాలనిపించిందా? అడగాల్సింది. అప్పుడు అడగలేదు. తరవాత అడిగే మొహం లేకపోయింది.

మా ఇంటికొచ్చి ఆయన ఖాళీ గోడలు చూసుకున్నాడు. ఫ్రిజ్జు కాళ్ళ గుర్తులున్న చోట నేను చాప పరిచి ఉంచాను. మా మంచానికీ ఫ్యానుకూ కలిపి నాలుగు మార్కులు పడ్డాయి. రెండు రోజులాగి ఎవరి సామాను వాళ్ళం తెచ్చేసుకున్నాం. ఫ్రిజ్జు కదిలించే ముందు అవ్వ లోపలున్న తన గ్లాసు తీసుకుని, నీళ్ళు తాగి, కొంగుతో తలుపు తుడిచి ఇచ్చింది.

మూడు వారాలకు మాకు కార్డు వచ్చింది. ఆపరేషనుకు పై నెల ఇరవయ్యో తారీకు ఇచ్చారు. మా ఆయన కార్డును రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత చిన్న అట్టముక్క నా పేగును లోపలికి తోస్తుందంటావా?" అన్నాడు. చాలా రోజుల తరవాత ఇద్దరం కడుపునిండా నవ్వుకున్నాం. నవ్వితే ఆయనకు నొప్పి, అయినా నవ్వాడు.

ఒకటో తారీకున అవ్వ కాగితం పట్టుకుని కౌంటరుకు వెళ్ళాను. కౌంటరాయన వేలుతో తెర మీద పైకీ కిందికీ జరిపాడు.

"ఈ పేరు తీసేశారమ్మా. ఫ్రిజ్జు, టీవీ, బట్టల మిషను, కుట్టుమిషను. నలభై ఒక్క మార్కులు. మా ఇంట్లో కూడా ఇన్ని లేవు."

"అవి ఆవిడవి కాకపోతేనో?"

"మరి ఎవరివి?"

నేను చేతిలో కాగితాన్ని ఇంకో మడత పెట్టాను.

"ఎవరివో వాళ్ళు బిల్లు పట్టుకుని వచ్చి, ఇవి మావని రాసివ్వాలి. అప్పుడు ఆ మార్కులు ఆవిడకు తీసేసి వాళ్ళకు వేస్తాం."

"వేస్తే వాళ్ళ కార్డు?"

"దాటితే పోతుంది. నెక్స్ట్."

ఆ దారంతా ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు. ఆపరేషనుకు ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఇంటికొచ్చి, ఆపరేషను తరవాత తిండికని దాచుకున్న దాంట్లోంచి పింఛనెంతో అంతా తీసి అవ్వ చేతిలో పెట్టాను. ఆవిడ ఎప్పటిలాగే కొంగున ముడేసుకుని, "కౌంటరాయన బాగున్నాడా?" అని అడిగింది.

"బాగున్నాడు. నిన్నడిగాడు," అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆ మాటకు ఆవిడ ఎంత సంతోషపడిందో.

మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని, "నా పేగు లోపలికి పోతూ ముసలిదాని పింఛను బయటికి లాగిందన్నమాట," అన్నాడు. మళ్ళీ, "ఇరవయ్యో తారీకు కానీ, అప్పుడు చెబుదాం," అన్నాడు. నాకు కావలసిన మాట అదే. నేను అననక్కర్లేకుండా ఆయనే అన్నందుకు లోపల్లోపల సంతోషించాను, ఆ సంతోషానికి సిగ్గు కూడా పడ్డాను.

ఆపరేషను బాగానే జరిగింది. మూడు నెలలు మూట ఎత్తొద్దన్నారు. నెలాఖరుకు మా ఇంట్లో ఏమీ మిగల్లేదు, మళ్ళీ ఒకటో తారీకు వస్తోంది. కౌంటరుకు వెళ్ళి నిజం చెప్పాలంటే కుట్లు చూపించుకోవడానికి, మందులకు ఇంకా కార్డు కావాలి. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ జరిపాను. చివరికి అవ్వకు తెలియకుండా వరుసవాళ్ళందర్నీ మాస్టారి గదిలో కూర్చోబెట్టి సంగతి చెప్పేశాను.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తిలాపాపం తలా పిడికెడు. నెలనెలా అందరం వేసుకుని ఆవిడ పింఛను ఆవిడకిద్దాం. పింఛను పోయిందని ఆవిడకు తెలియనక్కర్లేదు."

"వేద్దాం. అందరం సమానంగా," అంది మిషనక్క.

"సమానమేంటక్కా?" అన్నాడు వెల్డింగ్ తమ్ముడు. "ఆ నలభై ఒకటిలో పద్నాలుగు నీ మిషనువి. ఎవరి సామానుకు ఎన్ని మార్కులో వాళ్ళు ఆ లెక్కన వెయ్యాలి."

"అదిప్పుడు మిషనా? తిరగక నెలైంది. దాన్నిండా ఉల్లిపాయలు పోసుకున్నాను. కావాలంటే వచ్చి చూడు. నీ టీవీ సంగతి చెప్పు."

"టీవీ మా మావగారిది. నా దగ్గర ఊరికే ఉంది."

"మరి ఆయన్ని వెయ్యమను."

మాస్టారు మధ్యలోకొచ్చి, ఉన్నవాళ్ళు ఎక్కువ వెయ్యడం ధర్మమన్నారు. "మీ ఇంట్లో ఏమీ లేదు కనక మీకలాగే ఉంటుంది," అంది మిషనక్క. మాస్టారు ట్యూషన్ల మీద బానే కూడబెట్టారని వరుసలో అందరికీ తెలుసు, కానీ కూడబెట్టినదానికి మార్కుల్లేవు. తాళమింటావిడ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి, "మేం ఆ గదిలో ఏమీ పెట్టలేదు కదా, మేమెందుకెయ్యాలి?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండానే చేతిలో ఉన్న నోటు వేసేసి వెళ్ళిపోయింది.

పుస్తకం నా చేతికొచ్చింది. ఎవరి వంతు ఎంతో మాస్టారు మార్కులను బట్టి రాశారు. అంతే, ఆ రోజు నుంచి నాకు సర్వే మనిషి ఉద్యోగం పట్టింది. నేను పుస్తకం పట్టుకుని బయలుదేరితే మిషనక్క తన మిషను మీద దుప్పటి కప్పేసేది. వెల్డింగ్ తమ్ముడు టీవీని గోడకు తిప్పి, "మావగారు తీసుకెళ్తానన్నారక్కా," అనేవాడు. ఎవరో పరాయివాడి కంటబడకుండా దాచుకున్నవాళ్ళం, ఇప్పుడు మాలో మేమే దాచుకుంటున్నాం. నేనేమైనా తక్కువ తిన్నానా? మా ఆయనకు పనిలేదని, మా ఇంటి వంతు సగమే రాసుకున్నాను. పుస్తకం నా దగ్గరే ఉంది కనుక ఎవరూ అడగలేదు. మరి తప్పెవరిది? వీళ్ళందరూ చెడ్డవాళ్ళా అంటే, ఆపరేషను రోజున ఆసుపత్రికి అన్నం మోసుకొచ్చింది ఈ మిషనక్కే. నాకేమీ అర్థం కాలేదు.

మూడో నెల ఒకటో తారీకున మిషనక్క నాకొక అతుకు నోటు ఇచ్చింది. నడుమ చిరిగితే అద్దంలాంటి టేపుతో అతికించిన నోటు. "అంగట్లో ఎవడూ తీసుకోలేదు, నీకైతే చెల్లుతుంది," అంది. అది తక్కిన నోట్లతో కలిపి మడిచి అవ్వకిచ్చేశాను. ఆ పూట వెల్డింగ్ తమ్ముడి వంతు తక్కువైతే నా చేతిది వేసి ఇచ్చాను. సాయంత్రం వాడు పని నుంచి వచ్చాక పుస్తకం పట్టుకుని వెళ్ళి అది వసూలు చేసుకుని బయటికొచ్చాను.

"పిల్లా," అని అవ్వ పిలిచింది. గుమ్మంలో కూర్చుని ఉంది. "అందరిళ్ళకూ తిరుగుతున్నావు, నా ఇంటికి రావేం?"

"నీతో పనేముందవ్వా?"

"ఎవరో ముసలిదానికి పింఛను తీసేశారటగా. వరుసలో అందరూ వేసుకుంటున్నారటగా. మాస్టారి గొంతు గోడకు ఆగుతుందా?"

నా చేతిలో పుస్తకం ఎక్కడ దాచాలో తెలియలేదు. "నువ్వెయ్యక్కర్లేదులే అవ్వా. నీకొచ్చేదే అంతంత."

"అంతంతో ఇంతింతో, నెలనెలా వస్తోంది కదా. రానిదాని గతేంటి? ఈ వరుసలో నేనొక్కదాన్నీ ఇవ్వలేదంటే రేపు ఆవిడెవరో నన్నేమనుకుంటుంది?"

కొంగు ముడి విప్పింది. వేళ్ళతో తడిమి ఒక నోటు లాగి, చెంపకు ఆనించుకుంది. టేపు అతుకు చెంపకు తగిలినట్టుంది.

"ఇది చెల్లుతుందా? చెల్లకపోతే ఇంకోటిస్తాను."

"చెల్లుతుందవ్వా."

నోటు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు ముడిచింది. "ఇంట్లో ఫ్రిజ్జుందని తీసేశారటగా దానికి?"

"ఊఁ" అన్నాను.

"పోనీలే. నాలుగు రోజులు చల్లటి నీళ్ళు తాగి ఉంటుంది." సూది, దారం దగ్గరికి లాక్కుంది. "రాసుకో. ఆరో ఇల్లు ఇచ్చిందని రాసుకో."

రాశాను. ఆవిడకు తెలుసా, తెలియదా? తెలిసి నన్ను పొడిచిందా, తెలియక నన్ను చంపిందా? ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన నోటు చూశాడు, నా మొహం చూశాడు, లేచి వెళ్ళి పెట్టెలోంచి ఫ్రిజ్జు బిల్లు, కుట్టుమిషను బిల్లు తీసి నా పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కౌంటరు ముందు నిలబడ్డాను. "ఎవరి విషయం?" అన్నాడు ఆయన.

"ఆ ఫ్రిజ్జు మాది. కుట్టుమిషను కూడా మాదే." కుళాయి దగ్గర గొంతులో ఆగిపోయిన మాట ఇంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు.

ఆయన బిల్లులు చూశాడు. నాతో రాయించుకున్నాడు, కార్డు ఇమ్మని చెయ్యి చాపాడు, ఇచ్చాను. దానికి మూలన చిల్లు పొడిచి సొరుగులో వేసుకున్నాడు.

"ఆవిడ పింఛను వచ్చే నెల నుంచి వస్తుందా?"

"మీవి పద్ధెనిమిది తీసేశాను. ఇంకా ఇరవై మూడున్నాయి. పదిహేనుకు తగ్గాలి. టీవీ, బట్టల మిషను ఎవరివో వాళ్ళు కూడా రావాలి. ఇద్దర్లో ఏ ఒక్కరొచ్చినా చాలు."

అంతవరకూ నేను ఆ కూడిక వేసుకోలేదు. నేనొక్కదాన్ని నిజం చెబితే అంతా సర్దుకుంటుందనే అనుకున్నాను.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అందరికీ చెప్పాను, నా కార్డు పోయిందనీ, ఇంకొక్కరు వెళ్తే చాలనీ. మిషనక్క బిందె ఎత్తుకుని, "మా పిల్లకు కాలేజీ ఫీజు ఆ కార్డు మీదే కదే," అని నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. వెల్డింగ్ తమ్ముడు చెప్పు కొనతో నేల గీస్తూ, "మావగారిని అడుగుతానక్కా," అన్నాడు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇరవయ్యో తారీకు దాకా నేను చేసిందీ అదే.

"మన కార్డు పోయింది, ఆవిడ పింఛను రాలేదు," అన్నాడు మా ఆయన. "ఇప్పుడు ఎవరికి మంచి జరిగినట్టు?"

రేకుల మీద మొదటి వాన మొదలైంది. అవ్వ గది కప్పు కారుతుందేమోనని గిన్నె పట్టుకుని అటు పరిగెత్తాను.

ఒకటో తారీకున పుస్తకం తీశాను. మా ఇంటి వంతు ఈసారి పూర్తిగా రాసి, చెప్పులేసుకుని బయలుదేరాను. మాస్టారి తలుపు తట్టాను. మిషనక్క తలుపు తట్టి, తీసేదాకా నిలబడ్డాను. నాలుగో తలుపు తట్టాను, ఐదోదానికి తాళముంది. ఆరో తలుపు ముందే తీసి ఉంది.